రాగి కుడుక, కొబ్బరి చిప్ప

అనగా అనగా, పొద్దు తన దారిన తాను పొడుస్తుంటే, తన దారిన తాను గుర్రుపెట్టి నిద్రపోయే ఊరొకటి ఉండేది. ఆ ఊరి పేరు గంటవరం. రాజ్యానికి సరిగ్గా నడిమధ్య ఉండే కోట అది.

గంటవరంలో వేళ చెప్పేది సూర్యుడు కాదు, రాగి కుడుక. అరచేతిలో ఇమిడే గిన్నె, అడుగున సన్నని చిల్లు. దాన్ని గంగాళంలో నీళ్ల మీద తేలుస్తారు. చిల్లులోంచి నీరెక్కి కుడుక మునిగితే ఒక గడియ. మునగగానే గంట కొడతారు, కుడుకను తీసి మళ్లీ తేలుస్తారు. అలా అరవైసార్లు మునిగితే ఒక రోజు. అరవయ్యో గంటకు ఊరు నిద్రలేవాలి, కోట తలుపులు తెరుచుకోవాలి. ఆ గంట మోగనిదే చీమకు కూడా తలుపు తీయరు.

ఈ కుడుకను కనిపెట్టుకుని ఉండేవాడు ఓబయ్య. ఏడు తరాలుగా ఆ పని వాళ్లింటిదే. ఓబయ్య మంచివాడు, భక్తిపరుడు, ఆపైన కాస్త అమాయకుడు. రోజూ కుడుకను చింతపండుతో, ఇటుకపొడితో తళతళలాడేలా తోమేవాడు. చిల్లులోకి గుడ్డపేలిక దూర్చి, అటూ ఇటూ తిప్పి, దాన్ని కూడా మెరిపించేవాడు. కుడుకతోపాటు పెట్టెలో ఒక వెండి సూది ఉండేది. అదెందుకో ఎవరికీ తెలియదు. మొదటి రాజుగారు ఇచ్చారు గనక దానికీ రోజూ ఒక బొట్టు పెట్టేవాడు.

ఒకప్పుడు ఓబయ్య తాతగారు పొద్దుటిపూట తూర్పుకేసి ఒకసారి చూసి, అవసరమైతే లెక్క సరిచేసుకునేవాడట. ఆ తర్వాత వచ్చిన ఒక రాజుగారికి అది చిన్నతనంగా తోచింది. "మా వంశపు కుడుక సూర్యుడి మొహం చూడడమేమిటి?" అని గంగాళం చుట్టూ కిటికీలు లేని రాతి మండపం కట్టించాడు. గాలి రాదు, నీళ్లు కదలవు, కుడుకకు ఏ ఇబ్బందీ లేదు. లోపలున్నవాడికి బయట ఎండో, వానో, పగలో, రాత్రో తెలియదు, అంతే.

ఉదయభూపతి రాజ్యానికి వచ్చేనాటికి గంటవరంలో ఏదో తేడా చేసింది.

తెల్లవారు గంట మోగుతుంది, జనం కళ్లు నులుముకుంటూ బయటికి వస్తారు, బయట ఇంకా చుక్కలుంటాయి. వారం తిరిగేసరికి ఆ గంట మరీ ముందు మోగుతుంది. నెల తిరిగేసరికి పొద్దు గుంకే వేళకు తెల్లవారు గంట! ఊరంతా చీకట్లో పళ్లు తోముకుని, చీకట్లో అంగళ్లు తెరిచి, ఎండ నెత్తికెక్కే వేళకు దుప్పటి కప్పుకుని పడుకునేది. రెండు నెలలకోసారి కుడుకా సూర్యుడూ పొరపాటున కలిసేవారు. ఆ రోజు ఆస్థానంలో పండగే పండగ. "చూశారా, సూర్యుడు దారికొచ్చాడు!" అని మంత్రి నరహరి బూరెలు పంచేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, అనుభవించేవాళ్లకు నవ్వు రాలేదు. పల్లెలవాళ్లు సూర్యుణ్ణి చూసి పాలకుండలూ కూరగాయల బుట్టలూ మోసుకొస్తే కోట తలుపులు మూసి ఉండేవి. తెరిచేసరికి పాలు విరిగి, ఆకుకూరలు వాడిపోయేవి. కొన్నాళ్లకు వాళ్లు రావడమే తగ్గించారు.

ఓబయ్య ఇంట్లో మూడు నెలల మనవరాలుంది. కూతురు కనకానికి పాలు పడలేదు. బిడ్డకు ఆవుపాలే గతి. ఆ పాలు ఒకరోజు వస్తే రెండు రోజులు రావు. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకునేది.

"నాన్నా, బయట ఎండ కాస్తోంది. పాలవాళ్లు తలుపు బయటే ఉన్నారు. గంట ఎందుకు కొట్టరు?" అనేది కనకం.

"ఇంకా పన్నెండు గడియలుందమ్మా" అనేవాడు ఓబయ్య.

అని, ఎండలోకి చూసేవాడు. మళ్లీ మండపంలోకి చూసేవాడు. కుడుకకు ఒక్క మరక లేదు. లెక్కలో ఒక్క గడియ పోలేదు. మరి ఇదేమిటి? కళ్లు అబద్ధం చెబుతున్నాయా? ఏమీ తోచక, తనకు చేతనైన పని అదొక్కటే గనక, కుడుకను ఇంకోసారి తోమేవాడు.

రాజుగారు సభ పెట్టారు. మంత్రి లేచి, "ప్రభూ, కోళ్లు వేళ కాని వేళ కూసి సూర్యుణ్ణి గందరగోళపెడుతున్నాయి" అన్నాడు. ఊళ్లో కోళ్లన్నిటినీ వెళ్లగొట్టారు. సూర్యుడేమీ మారలేదు.

మళ్లీ సభ. "సూర్యుడు ముసలివాడయ్యాడు, లేవడానికి బద్ధకిస్తున్నాడు" అన్నాడు మంత్రి. తూర్పు బురుజు మీద బానంత ప్రమిద పెట్టి, తెల్లవారు గంటకు దాన్ని వెలిగించారు, చూసైనా లేస్తాడని. నూనె అయిపోయింది. సూర్యుడు తనకు లేవాలనిపించినప్పుడే లేచాడు.

మూడోసారి సభ. "కుడుకకు పూజ చాలడం లేదు" అన్నాడు మంత్రి. ఇకనుంచి రోజుకు మూడుసార్లు తోమమని ఆజ్ఞ అయింది. ఓబయ్య మనసారా తోమాడు. నెల తిరక్కుండానే అంతా మరీ తలకిందులైంది. నిన్న సాయంత్రం నిద్రపోయినవాళ్లు ఇవాళ మధ్యాహ్నమే నిద్రపోతున్నారు. బయట నాలుగు రోజులు గడిస్తే ఊళ్లో ఐదు గడిచిపోతున్నాయి. పెళ్లికి పిలిచినవాళ్లు ఒకరోజు, వచ్చినవాళ్లు ఇంకోరోజు. చాలామంది మూటాముల్లే సర్దుకుని పొలిమేర పల్లెలకు వెళ్లిపోయారు.

అప్పుడు మంత్రికి ఇంకొకటి తట్టింది. "ప్రభూ, పొలిమేర పల్లెల్లో చిల్లుపెట్టిన కొబ్బరి చిప్పలతో గడియలు లెక్కపెడతారట! ఆ దొంగ చిప్పలే ఇంతటికీ కారణం. ఓబయ్య కుడుకను తీసుకెళ్లి, దానితో కలవని చిప్పల్ని పగలగొట్టి రావాలి."

"కుడుక లేకపోతే ఇక్కడ వేళ ఎలాగయ్యా?" అన్నారు రాజుగారు.

"నా ఊపిరి లెక్కపెట్టి గంట కొట్టిస్తాను ప్రభూ" అన్నాడు మంత్రి.

ఓబయ్య పెట్టెను నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. గుమ్మంలో కనకం బిడ్డను ఎత్తుకుని నిలబడింది. "తొందరగా రా నాన్నా. ఇలా పాలు లేకుండా అమావాస్య దాటితే ఈ పసిది నిలవదు" అంది. ఓబయ్య వడివడిగా అడుగులు వేశాడు.

మొదట ఉత్తరపు పొలిమేరకు వెళ్లాడు. అక్కడ కాలువ చివర ఎల్లప్ప అనే నీరటి, ఎవరి పొలానికి ఎన్ని గడియలు నీరని చిప్పతో కొలిచి వదులుతుంటాడు. ఓబయ్య ఒకే బానలో కుడుకనూ చిప్పనూ తేలించాడు. చిప్ప నాలుగుసార్లు మునిగేలోపు కుడుక ఐదుసార్లు మునిగింది.

"నీ చిప్ప తప్పు" అని ఓబయ్య దాన్ని రాతికేసి కొట్టాడు.

కాళ్లావేళ్లా పడతాడేమో అనుకున్నాడు. ఎల్లప్ప తలపాగా సర్దుకుని, "ఇరగ్గొడితే ఇరగ్గొట్టు సామీ. రేపటికి ఇంకోటి చేసుకుంటాంలే" అన్నాడు.

నిజంగానే మర్నాటికి కొత్త చిప్ప తయారైంది. దాన్ని తేలిస్తే మళ్లీ అదే నాలుగు, ఐదు. ఓబయ్య తల గోక్కున్నాడు. పాతది ముక్కలైపోయింది, దాన్ని చూసి చేసింది కూడా కాదు. మరి ఈ కొత్తది దాని అక్కచెల్లెలిలా అదే మాట ఎలా చెబుతోంది?

పడమటి పొలిమేరలో కుమ్మరి గురవమ్మ ఉంది. కుండలు కాల్చే ఆవం ఎన్ని గడియలు మండాలో ఆమె చిప్ప చెబుతుంది. అక్కడా నాలుగు, ఐదే. ఓబయ్య చెయ్యెత్తి, ఒకసారి చిప్పను, ఒకసారి కుడుకను చూశాడు. అయినా రాజాజ్ఞ, పగలగొట్టాడు.

గురవమ్మ ముక్కలు ఏరి పొయ్యిలో వేసింది. "మంచిగుంది అయ్య. కానీ నీ కుడుకతోని ఆవం కాలిస్తే కుండలు పచ్చిగనే ఉంటయి. నీళ్లు పోస్తే కరిగిపోతయి. ఆవం కాడ అబద్ధం నడ్వదు" అంది.

ఓబయ్యకు ఆ రాత్రి నిద్ర లేదు. ఎల్లప్ప గురవమ్మను చూడలేదు, గురవమ్మ ఎల్లప్ప ఊసే ఎరగదు. ఇద్దరి చిప్పలూ ఒకే మాట చెబుతున్నాయి. అందరూ కూడబలుక్కున్నారందామంటే ఎవరూ ఎవరికీ తెలియదు. ఒంటరిగా వేరే మాట చెబుతున్నది తన నెత్తిమీది పెట్టే. ఆ పెట్టె ఎన్నడూ లేనంత బరువనిపించింది.

మూడోది తూర్పు పొలిమేర, సముద్రపుటొడ్డున ఉప్పుమడులు. అక్కడ నూకాలు అనే ముసలామె, ఆటుపోట్లను చిప్పతో లెక్కగట్టి మడుల్లోకి నీరు వదులుతుంది. అక్కడా నాలుగు, ఐదు.

ఓబయ్య ఈసారి చిప్పను పగలగొట్టలేదు. ఇసుకలో కూలబడ్డాడు. "నాకేమీ అర్థం కావడం లేదవ్వా" అన్నాడు.

"అదేటి బాబూ, అంత పెద్ద కోట నుంచొచ్చినోడివి" అంటూ ఆమె కుడుకను చేతిలోకి తీసుకుంది. "అబ్బ, ఏం మెరుపు! దీన్నేటెట్టి తోముతారు?"

"చింతపండూ ఇటుకపొడీ అవ్వా. రోజుకు మూడుసార్లు."

"సిల్లు కూడానా?"

"ముందు చిల్లే" అన్నాడు ఓబయ్య, ఆ అయోమయంలోనూ కాస్త గర్వంగా.

నూకాలు అతని మొహంలోకి ఒకసారి చూసి, పెట్టెలోకి తొంగిచూసింది. పెట్టెలో వెండి సూది కనిపించింది. "ఇదేటి?"

"మొదటి రాజుగారిచ్చింది. రోజూ బొట్టు పెడతాం."

"బొట్టెట్టడానికి సూదెందుకిత్తారు బాబూ? కుడుక్కి సూది తోడిచ్చేరంటే సిల్లు కొలత సూసుకోమని కాదేటి? దూర్చి సూడు."

ఓబయ్య సూదిని చిల్లులో పెట్టాడు. సూది చిల్లులో బిగుసుకోలేదు. సర్రున జారి ఇసుకలో పడింది.

ఓబయ్య దాన్ని తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. మూడోసారి పెట్టకుండా, చిల్లును కంటికి ఆనించి చూశాడు. ఏడు తరాల భక్తి ఆ చిల్లును కొంచెం కొంచెంగా అరగదీసింది. చిల్లు పెద్దదైన కొద్దీ కుడుక త్వరగా మునిగింది, గంట ముందే మోగింది. తన చేతులే, తన చింతపండే. బిడ్డ నోటికందని పాలన్నీ కళ్లముందు కనిపించి ముసలివాడు బావురుమన్నాడు.

"ఊరుకో బాబూ" అంది నూకాలు. "అందరి కుడుకా అరుగుద్ది. మా సిప్ప కూడా అరుగుద్ది. అందుకే ఏడాదికోపాలి పాతది మేవే పగలగొట్టేసి కొత్తది పొడుత్తాం. ఒక కర్ర పాతి, నీడ బాగా పొట్టిగా ఉన్న కాడి నుంచి మర్నాడు మళ్లా అంత పొట్టయ్యేదాకా లెక్కెడతాం. అరవైసార్లు మునిగితే ఉంచుకుంటాం, నేకపోతే ఇంకో సిప్ప."

"ఇదంతా మీకెవరు చెప్పారవ్వా?"

"ఇంకెవరు, మీ మొదటి రాజే. గిన్నె కోటలో ఎట్టుకుని, సేసుకునే ఇధానం మాకు సెప్పిపోనాడు."

ఓబయ్య లేచాడు. "అవ్వా, కోటలో నా మనవరాలుంది" అన్నాడు. సూదిని ఏరి పెట్టెలో పెట్టుకున్నాడు. నూకాలు తన చిప్పను అతని చేతిలో పెట్టి, ఒక కొబ్బరి మొక్కను కూడా సంచిలో వేసింది. "సిప్పలు కాసేది ఇదే బాబూ. దార్లో పారేయకు" అంది.

ఓబయ్య పగలనక రాత్రనక నడిచి, సరిగ్గా అమావాస్య నాటి పొద్దుటికి కోట తలుపు ముందుకు వచ్చాడు. సూర్యుడు అప్పుడే పొడిచాడు. తలుపులు మూసి ఉన్నాయి. బయట పదిమంది పాలవాళ్లు కుండలు దించుకుని కూర్చున్నారు.

"మంత్రిగారికి నిద్ర పట్టింది. ఊపిరి లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నారు" అన్నాడు బురుజు మీది కావలివాడు. "గంట మోగందే తలుపు తీస్తే నా తల పోతుంది ఓబయ్యగారూ."

లోపల ఎక్కడో ఒక పసిబిడ్డ సన్నగా ఏడ్చింది. అది తన మనవరాలో కాదో ఓబయ్యకు తెలియదు. ఏ బిడ్డయితేనేం!

ఓబయ్య పెట్టె తెరిచాడు. రాగి కుడుకను కళ్లకద్దుకున్నాడు. ఎడమచేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని, కుడిచేత్తో రాయి తీసుకుని, ఖంగు ఖంగుమని కొట్టాడు. ఏడు తరాలుగా చిన్న దెబ్బైనా తగలని కుడుక అంచు సొట్టపోయింది. "తెల్లవారింది! గంటవరానికి తెల్లవారింది!" అని గొంతు చించుకుని అరిచాడు.

కావలివాడు ఒకసారి ఓబయ్యను, ఒకసారి సూర్యుణ్ణి చూశాడు. "గంట మోగింది గదా" అని తనకు తానే చెప్పుకుని తలుపు గడియ తీశాడు. పాలకుండలు లోపలికి పరుగెత్తాయి. మొదటి కుండ కనకం గుమ్మం ముందు దిగింది.

బిడ్డ ఉగ్గుగిన్నె ఖాళీ చేసేలోపే భటులు ఓబయ్యను సభకు పట్టుకెళ్లారు.

"ప్రభూ, కుడుకను రాయితో కొట్టాడు!" అని మంత్రి గుండెలు బాదుకున్నాడు.

"ఎందుకు కొట్టావు ఓబయ్యా?" అన్నారు రాజుగారు.

ఓబయ్య సూదిని చిల్లులో పెట్టి వదిలాడు. నేలమీద అది పడిన చప్పుడు సభంతా విన్నది. "చిల్లు పెద్దది చేసింది నేనే ప్రభూ. భక్తితో చేశాను. శిక్ష వేయండి. కానీ పొలిమేరల్లో చిప్పలు తప్పు కాదు. తప్పు మనది" అన్నాడు.

మంత్రి గబగబా వచ్చి రాజుగారి చెవి దగ్గర వంగాడు. "చిల్లుకు కాస్త లక్క అంటిద్దాం ప్రభూ. మూడో కంటికి తెలియదు."

"లక్క చిల్లును మూస్తుంది ప్రభూ, మండపానికి కిటికీ పెట్టదు" అన్నాడు ఓబయ్య. "రేపు లక్క ఊడినా మనకు తెలియదు."

రాజుగారు కుడుకవైపు చూశారు, చిప్పవైపు చూశారు. "రెండూ రెండు మాటలు చెబుతున్నాయి. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

"బయటికి రండి ప్రభూ."

వాకిట్లో ఒక కర్ర పాతారు. నీడ బాగా పొట్టిదైన క్షణాన చిప్పనూ కుడుకనూ పక్కపక్కన తేలించారు. ఉదయభూపతి అక్కడే చాప మీద కూర్చుని తన చేత్తో తాను గీతలు గీశారు. ఎవరినీ లెక్కపెట్టనివ్వలేదు. మర్నాడు నీడ మళ్లీ అంత పొట్టిదయ్యేసరికి చిప్ప గీతలు అరవై. కుడుక గీతలు డెబ్బై ఐదు.

రాజుగారు గీతలన్నీ ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. ఎర్రబడ్డ కళ్లతో ఎండను చూస్తూ, "ఓబయ్యా, ఇన్నాళ్లూ నాకేమీ అర్థం కాలేదయ్యా. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను" అన్నారు.

"నాకూ అంతే ప్రభూ. మూడు ఊళ్లు తిరిగేదాకా" అన్నాడు ఓబయ్య.

ఆ రోజే మండపానికి తూర్పున కిటికీ కొట్టించారు. ఏడాదికొక పొలిమేర పల్లె వంతున కొత్త చిప్ప చేసి తేవాలనీ, అది వచ్చిన రోజున పాతదాన్ని రాజుగారే పగలగొట్టాలనీ కట్టడి చేశారు. ఎల్లప్పకూ గురవమ్మకూ ఓబయ్య స్వయంగా వెళ్లి చేతులు జోడించి వచ్చాడు. మంత్రిగారికి కోళ్లను తిరిగి పట్టుకొచ్చే పని అప్పగించారు. అవి ఆయన్ని బాగా పరుగెత్తించాయని చెప్పుకుంటారు. వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. పాలు విరగకుండా ఇళ్లకు చేరాయి.

మరి రాగి కుడుక ఏమైందంటారా? దాన్ని పారేయలేదు. మండపం వాకిట్లో నూకాలు ఇచ్చిన కొబ్బరి మొక్కను నాటి, దానిపైన మూడు కర్రలకు కుడుకను వేలాడదీశారు. ఆ పెద్ద చిల్లులోంచి నీళ్లు బొట్టుబొట్టుగా మొక్క మొదట్లో పడేవి. రోజూ పొద్దున్నే ఓబయ్య మనవరాలిని చంకనేసుకుని వచ్చి కుడుక నింపేవాడు. తోమేవాడు మాత్రం కాదు.

కాబట్టి పిల్లలూ, నడిమధ్య ఉన్నది "నాలో తప్పే లేదు" అని తలుపులు మూసుకుంటే అరిగిపోతుంది. అంచుల్లో రోజూ సరిచూసుకుంటూ బతికేవాళ్లకు తలుపు తీసినప్పుడే అది మళ్లీ కొత్తదవుతుంది.